పైనున్న వాళ్లు, కిందున్న వాళ్లు

ర్యూసుకె హమగుచి తీసిన జపాన్ సినిమా 'ఈవిల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' 2023లో వచ్చింది. 'చెడు అనేది లేదు' అని ఆ పేరుకి అర్థం. వెనిస్‌లో గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చినా మనవైపు చూసినవాళ్లు తక్కువ. విజయవాడలో అద్దె గదిలో ఉంటూ ఫోన్‌లో చూశాను. ఫైట్లు లేవు. ఒకాయన కట్టెలు కొడతాడు, ఊట నీళ్లు డబ్బాల్లో నింపుతాడు. మన గూడెంలో రోజూ జరిగేదే!

ఆ అడవి ఊరికి పట్నం కంపెనీ మనుషులు వస్తారు. టూరిస్టులకు గుడారాల బస కడతామంటారు. ఊరంతా మీటింగులో కూర్చుంటుంది. ఎవరూ అరవరు. 64 మంది దిగే చోటికి 50 మందికి సరిపోయే సెప్టిక్ ట్యాంకు ఎందుకు? రాత్రిపూట నిప్పు అంటుకుంటే చూసేదెవరు? వచ్చినవాళ్ల దగ్గర జవాబు లేదు. పైన చేసిన పని కింద ఊళ్లకు తగులుతుంది, కాబట్టి పైనున్న వాళ్లకు బాధ్యత ఉంటుందని ఊరిపెద్ద చెబుతాడు.

ఆ మాట దగ్గర సినిమా ఆపి ఆలోచించాను. మాది కుక్కునూరు మండలం, కోయ గూడెం. 2014లో ఆంధ్రలో కలిపిన ఏడు మండలాల్లో అదొకటి. ఇప్పుడు పోలవరం ముంపు జాబితాలో ఉంది. ఇక్కడేమో 2015 నుంచి పట్టిసీమ పంపులు ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువలో వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. ప్రకాశం బ్యారేజీ కింద సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఉంది. ఇక్కడి రైతు చెడ్డవాడు కాదు. నేనూ ఈ బియ్యమే తింటున్నాను. కానీ డ్యామ్ పూర్తయి ఇదే కాలువ నిండుగా పారాలంటే పైన లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. పైవాళ్ల బాధ్యత గురించి ఆ పెద్దాయన చెప్పాడు. మన దగ్గర కిందివాళ్లు కూడా పైవాళ్లకు బాకీ ఉన్నారు. ఆ సంగతి డెల్టా బడిపిల్లలకు ఎవరు చెబుతారు?

టీచర్లకు నా మనవి. ఆ మీటింగు ఘట్టం ఒక్కటైనా పిల్లలకు చూపించండి. తర్వాత 1996 పెసా చట్టం తీసి, భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలన్న సెక్షన్ చదివించండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గ్రామసభలో సంతకం పెట్టేముందు ఆ ఊరివాళ్లలాగే లెక్క అడగండి. ఎన్ని ఎకరాలు? బదులు భూమి ఎక్కడ? అక్కడ నీళ్లున్నాయా? అడవి ఎంత దూరం? జవాబు కాగితం మీద రాయించుకోండి.