బంతికి బయలు

కాలిబంతి యాటకు కావలసిన సామగ్రి స్వల్పము. బంతి యొక్కటి యున్నచో ఇరువదియిద్దరు ఆడవచ్చును. కాని యా బంతి పరుగెత్తుటకు బయలు కావలెను. పెద్దల పోటీలు జరుగు మైదానము పొడవు 90 మీటర్లకు, వెడల్పు 45 మీటర్లకు తగ్గరాదు. గోలు స్తంభముల నడిమి దూరము 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు.

కృష్ణా డెల్టాలో ఇంత బయలు లభించుట సులభము కాదు. తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలులో కూర్చుండి చూచినచో ఇరుప్రక్కల వరిచేలు కానవచ్చును. వరి కోయకముందే ఆ చేలలో మినుములు చల్లుదురు. కావున కోత ముగిసిన పిమ్మట సైతము నేల ఖాళీగా నుండదు. బాపట్ల పిల్లలకు సమీపమున సూర్యలంక తీరము కలదు గాని, ఇసుకలో బంతి చక్కగా దొరలదు. పల్లె పిల్లలకు పాఠశాల ఆవరణమే మైదానము. అది ఇరుకైనది. అందు బంతిని తన కాలి వద్దనే యుంచుకొన్నవాడు నాలుగడుగులలో గోడను తాకును. ప్రక్కవాని కందించినవాడే ముందునకు సాగగలడు.

ఈ యిరుకు నేర్పిన పాఠమునే హైదరాబాదున నొక ఉపాధ్యాయుడు బుద్ధిపూర్వకముగా నేర్పెను. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిన సయ్యద్ అబ్దుల్ రహీం. బంతిని తనవద్దనే యుంచుకొని ఎదుటివారిని తప్పించుకొనుచు పోరాదను నియమముతో ఆయన పోటీలు నడిపెను. ఆయన శిక్షణలో భారత జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1 గోళ్లతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను.

తెనాలి, రేపల్లె ప్రాంతపు కళాశాలలు పూర్వము ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము వెలసెను. నేడది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము. 1945లో ప్రారంభమైన బాపట్ల వ్యవసాయ కళాశాల మాత్రము వేరొక విశ్వవిద్యాలయమునకు చెందినది. అనుబంధ కళాశాలలు తమలో తాము పోటీపడును. అందు రాణించినవారే విశ్వవిద్యాలయపు జట్టగుదురు. నిన్న ఎదురెదురుగా నిలిచినవారు నేడు ఒకే రంగు చొక్కా తొడుగుకొందురు.

రేపల్లె సమీపమున నొక పల్లెకు చెందిన యువకుడు తెనాలిలో చదువుచు అట్టి ఎంపికకు పోయెను. ఆట ముగియుటకు కొన్ని నిమిషములే యున్నవి. బంతి అతని కాలికి చిక్కెను. గోలు అతనికి ఓరగా నుండెను. పెద్దలు చూచుచున్నారు, గోలు కొట్టినవాని పేరే వారికి జ్ఞాపకముండునని అతడెరుగును. అయినను ఎదురుగా, అడ్డములేని చోట నిలిచిన వానికి బంతి నందించెను. అతడు కొట్టెను, గోలు పడెను. చప్పట్లు మ్రోగినవి. సాయంకాలము చదివిన పట్టికలో గోలు కొట్టినవాని పేరున్నది. అందించినవాని పేరు లేదు.

మరునాడు పాఠశాల ఆవరణలో పిల్లలు అతనిని చుట్టుముట్టిరి.

“అన్నయ్యా, నిన్ను తీసికొన్నారా?” అని యొక బాలుడడిగెను.

“లేదురా.”

“నీవు గోలు కొట్టలేదా?”

“కొట్టలేదు. కొట్టించితిని.”

బాలుడు క్షణకాలము ఆలోచించెను. “మరల పోయెదవా?”

“వచ్చే సంవత్సరము పోయెదను.”

“అప్పుడైనను నీవే కొట్టుము, అన్నయ్యా!”

యువకుడు నవ్వెను. “ఓరగా నున్నచో కొట్టను. ఎదురుగా నున్నచో కొట్టెదను” అని బంతిని వానివైపు దొరలించెను. బాలుడు దానిని కాలితో ఆపి, గోడవైపు చూచి, ప్రక్కనున్నవాని కందించెను. ఆట యెప్పటివలెనే సాగెను.