వణికిన హెలికాప్టరు చెప్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు క్రమశిక్షణ గురించో, సమయపాలన గురించో రాద్దామనుకున్నాను. కానీ అవి వార్డెన్ సార్ మీకు రోజూ చెబుతూనే ఉంటారు. అందుకే నేను చేతులతో చేసిన ఒక పని గురించి రాస్తున్నాను.

నేను ఆరు నుంచి పదో తరగతి దాకా మన హాస్టల్లోనే చదివాను. నాన్న ట్రాక్టరు మీద కూలికి, అమ్మ పొలం పనికి వెళ్తారు. మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటివాణ్ని నేనే. ఇప్పుడు నా వయసు ఇరవై మూడు, ఎం.టెక్. చదువుతున్నాను.

మా ల్యాబ్‌లో రిమోట్‌తో ఎగిరే చిన్న హెలికాప్టరు ఉంది. బ్యాటరీతో నడుస్తుంది. ఒక్కో రెక్క పొడవు 325 మిల్లీమీటర్లు. మా ప్రాజెక్టు దాని మీదే. ఒకరోజు నా వంతు వచ్చినప్పుడు అది నేల వదులుతూనే ఒళ్లంతా వణికింది. వెంటనే దించేశాను. పక్కనున్న ఒకతను "ఇలాంటివి ఎప్పుడూ చూడనివాళ్ల చేతికిస్తే ఇంతే" అన్నాడు. అమ్మకు ఫోన్లో చెబితే "డబ్బులు కట్టమనలేదు కదా నాయనా?" అని అడిగింది. రివ్యూకు పది రోజులే ఉంది. ఆ ఇద్దరికీ జవాబు చెప్పాలంటే మాటలు చాలవు, వణుకు ఎక్కడి నుంచి వస్తోందో చూపించాలి.

ముందుగా వణుకు ఎంత వేగంగా ఉందో చూడాలి. పెద్ద రెక్కలు నిమిషానికి 2400 సార్లు, అంటే సెకనుకు 40 సార్లు తిరుగుతాయి. తోక రెక్కలు దాదాపు నాలుగైదు రెట్లు ఎక్కువ వేగంతో తిరుగుతాయి. కంటితో లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా ఊగితే రోటరు తలలోని రబ్బరు రింగులనో, జైరో సెట్టింగునో అనుమానించాలి. తుమ్మెద రొదలా సన్నగా ఉంటే తోకనో, మోటారునో చూడాలి. మాది ఈ రెండూ కాదు. కాళ్లు, తోక రెక్క మసకబారినట్టు కనిపించేలా అదురుతున్నాయి. అంటే తేడా పెద్ద రెక్కల దగ్గరే ఉందన్నమాట.

మూడో గది ఫ్యాను గుర్తుందా? దుప్పటి దులిపితే రెక్క వంగి, ఎప్పుడూ ఊగుతూ ఉండేది. ఇక్కడా అంతే. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో తిరగాలి. కొసలకు రెండు రంగుల టేపు అంటించి, దూరంగా నిలబడి పక్కనుంచి చూస్తే ఏది పైన ఉందో తెలుస్తుంది. దాని లింకు కడ్డీని తిప్పి సరిచేయాలి. సరిచేశాను, రంగులు కలిశాయి. కానీ రెక్కల వాలు కొంచెం పెంచగానే మళ్లీ విడిపోయాయి. ఇది నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను.

తర్వాత తూకం. రెండు రెక్కలనూ మొదళ్ల దగ్గర ఒకే బోల్టుతో కలిపి తక్కెడలా వేలాడదీశాను. ఒకటి కాస్త కిందికి దిగింది. తేలికైన దానికి చిన్న టేపు ముక్క అంటించాను. ఇంత చిన్న తేడాకేనా అనుకోకండి. ద్రవ్యరాశిని వ్యాసార్ధంతో, కోణీయ వేగం వర్గంతో గుణించమని ఇంటర్లో నేర్పుతారు కదా, అలా లెక్కవేస్తే కేంద్రానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఒక్క గ్రాము తేడా ఉన్నా దాదాపు 1.3 కిలోల బరువంత బలంతో లాగుతుంది. అది కూడా సెకనుకు 40 సార్లు దిక్కు మారుస్తూ! వణుకు తగ్గింది కానీ పోలేదు.

రెక్కలు రెండూ తీసేసి నడిపాను. అదురు లేదు. అంటే మోటారు, పళ్ల చక్రాలు, నిలువు షాఫ్టు, తోక అన్నీ బాగున్నట్టే. ఇక మిగిలింది రెక్కలను పట్టి ఉంచే అడ్డకడ్డీ. దాన్ని స్పిండిల్ అంటారు.

మా చిన్నాన్న సైకిల్ షాపులో చక్రం తిప్పి రిమ్ము దగ్గర చాక్‌పీసు పట్టుకునేవాడు. వంపు ఉన్నచోట గీత పడేది. అది గుర్తొచ్చి, స్పిండిల్ విప్పి గాజు పలక మీద దొర్లించాను. కడ్డీకీ గాజుకీ మధ్య సన్నటి వెలుతురు కనిపిస్తూ, మాయమవుతూ ఉంది. కడ్డీ వంగింది! వాలు పెంచినప్పుడల్లా రంగులు విడిపోవడానికి కారణం అదే. రబ్బరు రింగులు కూడా ఒకవైపు నలిగిపోయాయి.

ల్యాబ్ రిజిస్టరు తిరగేశాం. నేను ప్రాజెక్టులో చేరకముందే అది దిగేటప్పుడు ఒకసారి పక్కకు పడిందనీ, రెక్కలు మాత్రం మార్చారనీ అందులో ఉంది. స్పిండిల్ ఊసు లేదు.

కొత్త కడ్డీ, రెండు రింగుల ధర ఒక జత రెక్కల కన్నా చాలా తక్కువ. వాటిని ల్యాబే తెప్పించింది. మార్చాక మోకాలి ఎత్తున నిలకడగా నిలబడింది. తోక మాత్రం గబగబా ఊగింది. జైరో గెయిన్ కొంచెం తగ్గిస్తే అదీ ఆగింది. ఆ మాట అన్నతనే స్క్రూడ్రైవరు అందిస్తూ పక్కన కూర్చున్నాడు. నేనేమీ అనలేదు.

మరో సంగతి. అమెరికాలో ఆర్థర్ యంగ్ అనే ఆయన 1928 నుంచి ఏళ్ల తరబడి ఇలాంటి చిన్న నమూనాలతోనే కుస్తీపట్టాడు. ఊగిపోయే వాటిని నిలబెట్టడానికి రోటరుకు ఒక స్థిరత్వపు కడ్డీ జోడించాడు. 1941లో బెల్ కంపెనీలో చేరాడు. ఆయన రూపొందించిన బెల్ 47కు 1946 మార్చి 8న అనుమతి వచ్చింది. అమెరికాలో పౌర వినియోగానికి అనుమతి పొందిన మొదటి హెలికాప్టరు అదే. పెద్ద యంత్రానికి దారి చూపింది ఊగిన బొమ్మలే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఏ యంత్రం ముందైనా భయపడకండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, ఫలితం రాసిపెట్టుకోండి. జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ బొమ్మ రెక్క కొస గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో తిరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, దూరంగా నిలబడండి. పెద్ద చదువుల్లోకి వెళ్లాక "మీకేం తెలుసు?" అనేవాళ్లు ఎదురవుతారు. అప్పుడు తలదించుకోకుండా, తప్పు ఎక్కడుందో వెతకండి.

వచ్చే నెలలో ఒక ఆదివారం హాస్టల్‌కు వస్తాను. ఆ వంగిన కడ్డీ నా దగ్గరే ఉంది. స్టడీ అవర్ అయ్యాక గాజు పలక మీద మీరే దొర్లించి చూద్దురు గాని.

— పూర్వ విద్యార్థి, ఎం.టెక్.