రిపోర్టు వచ్చేదాకా

రొమ్ములో గడ్డ తగిలితే మూడంచెల పరీక్ష: డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామో అల్ట్రాసౌండో తీయడం, అవసరమైతే సూదితో ముక్క తీసి పంపడం. ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కావు. తెలిసిన మాటే. అయినా అర్ధరాత్రి నా చెయ్యి ఆ గడ్డ మీదికే పోతుంది. నొక్కినకొద్దీ నొప్పి, ఆ నొప్పితో ఇంకో భయం.

అప్పకి చెప్పేశాను. "ఒక్కర్తివీ ఎందుకే మోస్తావు, నానున్నాను కదా" అని పక్కనే పడుకుంది. వెయ్యి ధైర్యవచనాల కన్నా అది మేలు. మా చీపురుపల్లిలో ఎందరాడవాళ్లు సిగ్గుతో నెలలు పోగొట్టుకుంటున్నారో!

పగలు చింతపండు గింజలు తీస్తున్నాను. వేళ్లకు పనుంటే మనసు కాసేపు ఊరుకుంటోంది. అవసరమైతే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. డాక్టరుని అడగాల్సినవి కాగితం మీద రాశాను. అప్ప కూడా వస్తానంది.