ఊరికే

తెలుగులో నన్ను బాగా ఇబ్బంది పెట్టే మాట ఒకటుంది. ఊరికే. డబ్బు తీసుకోకుండా ఇస్తే ఊరికే ఇచ్చామంటాం. పని లేకుండా కూర్చుంటే ఊరికే కూర్చున్నామంటాం. కారణం చెప్పలేని పని ఏది చేసినా ఊరికే చేసిందే. ఇక ఆడపిల్ల ఏదన్నా గట్టిగా అడిగితే 'ఊరుకో' అంటారు. అదీ ఈ చెట్టు కొమ్మే. ఏడ్చే పిల్లను ఓదార్చడానికీ ఆ మాటే, ఎదురు ప్రశ్న వేసే పిల్ల నోరు మూయించడానికీ ఆ మాటే. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఎన్నో పెద్ద పెద్ద మాటల వెంట పడ్డాను గానీ దీన్ని పట్టించుకోలేదు. వెలుగోడు తిరిగొచ్చాక రోజుకు నాలుగుసార్లయినా చెవిన పడుతోంది.

నేను నంద్యాలలో ఒక కాలేజీలో గంటల లెక్కన తెలుగు చెబుతాను. గెస్ట్ ఫ్యాకల్టీకి ఒక్కో లెక్చర్‌కు 1500 రూపాయలు, నెలకు 50 వేలు మించకుండా ఇవ్వచ్చని 2019లో యూజీసీ అంది. ఆ కాగితం మా కాలేజీ దాకా వచ్చినట్టు లేదు. సెలవుల్లో జీతం ఉండదు. పాఠం చెప్పిన గంటకే డబ్బు, పాఠం తయారుచేసుకున్న గంటలకు లేదు. ఇవి చాలవన్నట్టు వార్షికోత్సవం స్క్రిప్టు, అతిథిగారి సన్మానపత్రం కూడా నాకే వస్తాయి. "మీరెలాగూ ఊరికే ఉన్నారు కదా మేడమ్, మీకైతే భాష బాగుంటుంది" అంటారు. భాష బాగుండడానికి పదకొండేళ్ళు పట్టిందని చెప్పబుద్ధవుతుంది. చెప్పను. వచ్చే ఏడాది గంటలు ఎవరికివ్వాలో రాసుకునేది కూడా ఆయనే.

కాలేజీ లేని రోజు ఇంటి ముందు వేపచెట్టు కింద పుస్తకం పట్టుకుని కూర్చుంటానా, దారిన పోయేవాళ్ళు ఆగి మరీ అడుగుతారు. "ఏం పాపా, ఊరికే కూచ్చున్నావే?" అదే చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ ఉంటే ఎవరూ అడగరు. ఒకసారి పరీక్షించి చూశాను కూడా. చేట ఒడిలో, చేటలో పుస్తకం. ఆ పూట ఒక్కరూ పలకరించలేదు.

ఇలా ఎవరన్నా అన్నప్పుడు నా తరఫున వాదించేది మా అమ్మ. "ఊరికే ఏం ల్యా, సదువుకుంటాంది" అని లోపలి నుంచే కేకేస్తుంది. కానీ తన దగ్గరకొచ్చేసరికి ఆ వాదన ఏమవుతుందో! మొన్నామధ్య సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయి ఫోన్‌లో ఏవో వివరాలు నింపుతూ "నువ్వేం పని చేస్తావు పెద్దమ్మా?" అనడిగింది. "నేనేం జేస్తా తల్లీ, ఊరికే ఇంట్లో ఉంటా" అంది అమ్మ. అంటున్నప్పుడు ఆమె చేతిలో వెనక వీధి ఆపా తెచ్చిచ్చిన రవిక ఉంది. ఆపా మిషను మీద కుడితే అమ్మ హుక్కులు, చేతిపని చేసిస్తుంది. అప్పటికి బర్రెకు గడ్డేసి, పాలు పిండి, జొన్నరొట్టెలు కాల్చి, నాన్నకు బీపీ మాత్ర చేతిలో పెట్టి, ఎండబెట్టిన మిరపకాయలు తిరగేసి వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది, ఆమె ఫోన్‌లో ఉన్న గడి ఒకటే. ఆమె కూడా ఇంట్లో వంట చేసే వచ్చి ఉంటుంది.

దేశంలో ఎవరు ఎంతసేపు ఏ పని చేస్తున్నారో తెలుసుకోవడానికి 2019లో ఒకసారి, 2024లో ఒకసారి ప్రభుత్వం సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారని మొదటిసారి తేలింది. మగవాళ్ళలో ఆ పని చేసేవాళ్ళే తక్కువ, చేసేవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అయిదేళ్ళకు మన నిమిషాలు 289కి దిగాయి. సంతోషించబోయేంతలో చూస్తే వాళ్ళవీ 88కి దిగాయి. నాన్నకు చదివి వినిపించాను. "ఎనభై ఎనిమిదా! ఎవుడాడు?" అన్నాడు.

లెక్క అనేది మనుషులకు రాక కాదు. మా ఊరి పక్కనే రిజర్వాయరుంది. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగా ఇక్కడికొచ్చి, తెలుగుగంగ కాలువలో దక్షిణానికి పోతాయి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు మద్రాసు దాహానికి ఇవ్వాలని ఒప్పందం. 1983లో శంకుస్థాపన జరిగింది, 1996లో నీళ్ళు తమిళనాడు చేరాయి. మా రిజర్వాయరు నిల్వ ఎంతంటే 16.95 టీఎంసీలని ఊళ్ళో పిల్లోడు కూడా చెబుతాడు. చుక్క తర్వాత తొంభై అయిదు కూడా వదలడు. ఆ పక్కనే మా అమ్మ, అమ్మమ్మ, మా వీధి వాళ్ళు కుళాయిలు రాకముందు నడుమున మోసిన నీళ్ళు ఎన్ని బిందెలో ఎవరన్నా చెప్పగలరా? ఆ బిందెలకు చుక్కే లేదు, చుక్క తర్వాత అంకెలెక్కడివి!

డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు విమల 'వంటిల్లు' చెప్పాను. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన 1993కి ఈ పిల్లలెవరూ పుట్టలేదు. చెప్పడం అయ్యాక వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, ఈమె ఇది వంట చేసినాక రాసిందా, చేయకముందు రాసిందా?" అంది. క్లాసంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సెమినార్లలో ఇంత సూటి ప్రశ్న ఎప్పుడన్నా విన్నానా అని ఆలోచిస్తున్నాను. నా సంగతే చెప్పాలంటే, నా థీసిస్‌లో చివరి రెండు అధ్యాయాలు అమ్మ నన్ను పొయ్యి దగ్గరకు రానీయకుండా కాపలా కాసిన నాలుగు నెలల్లో రాసినవి. అప్పటికి ఫెలోషిప్ అయిపోయింది. ఆ నాలుగు నెలల ఫెలోషిప్ అమ్మదే.

ఇప్పుడు బస్సుల సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిస్తాడు. వెలుగోడు నుంచి నంద్యాలకు నేను పోయే బస్సులో కాలు పెట్టే సందు లేదు. కాలువ దాటేలోపు ఎవరో ఒక పెద్దమనిషి మొదలుపెడతాడు. "ఊరికే అంటే సాలు, ఊరంతా బస్సులోనే ఉండాది." ఎవరెవరున్నారా అని నేను చూస్తాను. అత్తను పెద్దాసుపత్రికి తీసుకుపోతున్న కోడలు, ఆకుకూరల మూటతో అవ్వ, బ్యాంకు కోచింగు పిల్ల, బట్టల షాపులో నిలబడి పనిచేసే ఇద్దరక్కలు. వాళ్ళలో ఒకామె, నెలకు మిగిలిన చార్జీలతో గ్యాస్ బండ కొన్నా ఇంకా మిగులుతోందని చెప్పింది. ఆటోవాళ్ళ గోడు అబద్ధం కాదు, ప్రభుత్వం ఆ అక్టోబరులో వాళ్ళకు 15 వేల చొప్పున ఇచ్చింది. బస్సులు పెంచకుండా పథకం పెంచితే ఇలాగే ఊపిరాడదు, అదీ నిజమే. కానీ ఆ పెద్దమనిషి బాధ ఆటోవాళ్ళ గురించి కాదు కదా! ఒకరోజు ఆకుకూరల అవ్వ తిరిగి అడిగింది. "మీకు సంగటి పెట్టేటప్పుడు మేమేమన్నా టికెట్టు కొట్టినామా నాయనా?" బండి ఆత్మకూరు వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉన్నాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది మా అమ్మ ప్రయాణం. ఆస్పత్రికో, పెళ్ళికో, పరామర్శకో తప్ప ఊరు దాటి ఎరగని మనిషి. మొన్న శనివారం ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని నంద్యాల పోయింది. తొమ్మిదో తరగతిలో తనతో చదువుకున్న స్నేహితురాలి ఇంటికి. పోయేటప్పుడు ఒక సంచిలో ఊరిబిండి, వచ్చేటప్పుడు ఆమె ఇచ్చిన మల్లెతీగ అంటు. ఇద్దరూ మిద్దె మీద కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

"ఏం పని మీద పోయినావు?" అని నాన్న అడిగాడు.

"పనేం ల్యా. ఊరికే."

ఆ మధ్యాహ్నం చారు తనే వేడి చేసుకోవాల్సి వచ్చిందని ఆయన మూడు రోజులు చెప్పాడు. కార్తీకంలో వాళ్ళిద్దరూ మహానంది పోతారట. కోనేట్లో మునగడానికి పాత చీరలు రెండు అప్పుడే తీసి పెట్టింది.