టీ బాకీ

సరుకు ధర పెరిగితే ఆ సరుకు అమ్ముకునేవాడు నాలుగు రాళ్లు వెనకేసుకోవాలి. ఇది లోకమెరిగిన న్యాయం. కాని 2020లో మన దేశంలో టీపొడి ధర కొండెక్కి కూర్చుంది. టీ కాచి అమ్మేవాడు మాత్రం వీధిన పడ్డాడు. ఇదేమి విడ్డూరమని అర్థశాస్త్రం లెక్చరరును అడిగితే, గిరాకీ అనీ సరఫరా అనీ నల్లబల్ల మీద రెండు గీతలు గీసి చూపిస్తారు. నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. నాకు తెలిసిన దారిన నేను చెబుతాను, చిత్తగించండి.

ముందు ఆకు సంగతి. మన రైతుకు తొలకరి యెలాగో తేయాకు తోటకు మార్చి, ఏప్రిల్ నెలలు అలాంటివి. చలికాలమంతా నిద్రపోయిన మొక్క అప్పుడు మొదటి చివుళ్లు వేస్తుంది. డార్జిలింగులో ఆ తొలి కోత టీకే మంచి వెల. సరిగ్గా ఆ రోజుల్లో, 2020 మార్చి 25న, కరోనాకు భయపడి దేశమంతా తలుపులు బిగించుకుంది. కోసే చేతులు లేక చివుళ్లు ముదిరిపోయాయి. ముదిరిన ఆకు టీకి పనికిరాదు. దాన్ని నరికి పారవేసి, కొత్త చిగురు కోసం కనిపెట్టుకుని కూర్చోవలసి వచ్చింది. తోటలు తెరవనిచ్చాక కూడా కూలీల్లో సగం మందికి మించి పనిలో వుండరాదన్నారు. ఆ పైన అస్సాములో వానలూ, వరదలూ. 2019లో 139 కోట్ల కిలోల టీ తయారైన దేశంలో 2020లో తయారైంది సుమారు 126 కోట్లు. ఇక వేలంపాటలో ధర పైకి పోక ఏం చేస్తుంది?

పోనీ, తాగేవాళ్లు తగ్గారా? మా యింటి మట్టుకు తగ్గలేదు. బజారులో తాగే నోరు ఇంటికి చేరింది, అంతే. మాకు నెలకు అరకిలో పొట్లం సరిపోయేది. ఆ ఏప్రిల్‌లో రెండో పొట్లం విప్పుతూ మా ఆవిడ, "ఇన్నాళ్లూ ఈ మిగతా అరకిలో కాలేజీ దగ్గర తాగి వచ్చేవారన్నమాట!" అంది. లెక్క తేల్చడంలో ఆవిడ ముందు టీ బోర్డు ఏపాటి? మా అమ్మాయి కాఫీపొడి, పంచదార, వేడినీళ్లు సమంగా కలిపి, చెయ్యి పడిపోయేదాకా గిలకొట్టి, ఆ నురుగును చల్లని పాల మీద తేల్చి, "ఇది దల్గొనా కాఫీ నాన్నా" అంది. కొరియాలో అది ఒక పంచదార మిఠాయి పేరట. ఆ వేసవిలో దేశదేశాల పిల్లలూ అదే గిలకొడుతూ కూర్చున్నారు. సాయంత్రానికి మా అమ్మ వంతు: మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క, తులసి వేసి కాచిన కషాయం. మార్చి నెలాఖరున సాక్షాత్తూ ఆయుష్ మంత్రిత్వశాఖే దాన్ని సిఫారసు చేసేసరికి, మా యింట్లో అమ్మ మాట శాసనమై కూర్చుంది.

కాఫీ కథ కొంచెం వేరు. మనం పండించే కాఫీలో నూటికి 70 పాళ్లు విదేశాలకు పోతుంది. అక్కడా కాఫీ అంగళ్లు మూతపడ్డాయి. ఇటలీలో అంగడి బల్ల దగ్గర నిలబడి రెండు గుక్కల్లో తాగి పోయేవాళ్లు ఇళ్లల్లో పొయ్యి వెలిగించుకున్నారు. 2021లో సముద్రాల మీద సరుకు పెట్టెల కరువు వచ్చింది. ఆ జూలైలో బ్రెజిల్ తోటలను మంచు కాల్చేసింది. గింజ ధర కూడా ఆకు దారినే పట్టింది.

అంటే గింజ వెలా పెరిగింది, ఆకు వెలా పెరిగింది. మరి చితికిపోయిందెవరు? గ్లాసు లెక్కన పోసి అమ్ముకునేవాడు. అతని వెనకే అతనికి పాలు పోసేవాడు. హోటళ్లూ, టీకొట్లూ మూసేసరికి పాలు మిగిలిపోయి, డెయిరీలు వాటిని పొడి చేసి నిలవ పెట్టుకోవలసి వచ్చింది.

ఇక్కడ కాస్త నా శాస్త్రం ప్రయోగించనివ్వండి. టీని తేనీరు అన్నారు పెద్దలు. చక్కని మాటే. కాని "బాబాయ్, రెండు తేనీరు" అని బడ్డీ దగ్గర అడిగి చూడండి, పక్కవాడు మిమ్మల్ని నాటకాల వాళ్లనుకుంటాడు. పైగా వాడుకలో టీ అంటే ద్రవపదార్థం ఒక్కటే కాదు. "టీకి వెళ్దాం పదండి" అన్నవాడికి దాహమై కాదు. మీతో ఒక మాట చెప్పుకోవాలి. "టీ ఖర్చులకేమన్నా ఇప్పించండి" అనే కచేరీ బంట్రోతు ఆ డబ్బుతో టీ తాగుతాడని యెవరూ అనుకోరు. కరోనా ఈ రెండర్థాలనూ విడదీసింది. పొడి ఇంటికి వచ్చింది. మాట, నీడ, బల్ల, అరువు బడ్డీ దగ్గరే వుండిపోయాయి.

రాజమండ్రిలో మా కాలేజీ ప్రహరీగోడ నానుకుని అలాంటి బడ్డీ ఒకటుంది. నడిపే ఆయన పేరు పాతికేళ్లుగా యెవరూ పిలవలేదు. పిల్లలకూ బాబాయే, నాకూ బాబాయే. కాలేజీ మూసినన్నాళ్లూ ఆయన తోపుడుబండి మీద వంకాయలూ, బెండకాయలూ అమ్మాడు. నవంబరులో కాలేజీలు తెరిచాక మళ్లీ పొయ్యి ముట్టించాడు. వీధి వర్తకులకు ఆ యేడు పెట్టిన స్వనిధి పథకం కింద పదివేలు అప్పు తెచ్చాడు. గాజుగ్లాసులు గోనెసంచిలోకి పోయాయి, కాగితం కప్పులు వచ్చాయి. ఏడు రూపాయల టీ పది అయింది. "మూడు రూపాయలూ నాక్కాదండి మాష్టారూ. కప్పుకింత, పొడికింత, గ్యాసుకింత" అన్నాడు.

బల్ల మీద ఆయన అరువు పుస్తకం వుంది. దాంట్లో ఒక్క పేరూ సరైన పేరు కాదు. "బీకాం కళ్లజోడు", "స్కూటీ అమ్మాయి", "పొడుగబ్బాయి"— ఇలా సాగుతుంది. ఫైనలియర్ పిల్లలు మాస్కులతో వచ్చి పరీక్షలు రాసి, మాస్కులతోనే వెళ్లిపోయారు. వాళ్ల బాకీలు పుస్తకంలో మిగిలిపోయాయి.

"పోయినట్టేనా బాబాయ్?" అన్నాను.

"డబ్బుల గురించి కాదండి బాబూ" అన్నాడు. "ఎవరన్నా వచ్చి బాకీ తీర్చారనుకోండి, ఆళ్లు బాగున్నట్టే గదండీ. రానోళ్ల సంగతే నాకు తెలవట్లేదు."

అప్పటినుంచీ ఆ పుస్తకం వేరుగా కనబడేది నాకు. నేను క్లాసులో హాజరు పిలుస్తాను. బాబాయి తన బల్ల దగ్గర పిలుస్తున్నాడు. ఒకడు హైదరాబాదు నుంచి ఫోనులో 60 రూపాయలు పంపాడు; ఒక గీత కొట్టేశాడు. స్కూటీ అమ్మాయి పెళ్లి శుభలేఖతో వచ్చి 35 ఇచ్చింది, మరో గీత.

2021 మే 5 నుంచి మన రాష్ట్రంలో కర్ఫ్యూ పెట్టారు. ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకానే కొట్లు. ఆ రెండో విడత యెలా వచ్చి పోయిందో మీకు చెప్పనక్కరలేదు. అది తగ్గి, కాలేజీ మళ్లీ తెరిచాక ఒక పెద్దాయన బడ్డీ దగ్గరకు వచ్చారు. నేను బల్ల మీద కూర్చుని వున్నాను. కొడుకు పేరు చెప్పి, మా కాలేజీలోనే చదివాడనీ, ఇక్కడేదో బాకీ వుందని అనేవాడనీ, యెంతో చూడమనీ అడిగారు. ఆ పేరు బాబాయికి తెలియలేదు. నాకు తెలిసింది, నా క్లాసులో చివరి బెంచీ. "పొడుగ్గా వుండేవాడు" అన్నారాయన, చెయ్యి పైకెత్తి చూపిస్తూ.

బాబాయి పుస్తకం తియ్యలేదు. "ఆ బాబు బాకీ పెట్టలేదండి. ఎప్పటిదప్పుడే ఇచ్చేసేవోడు" అన్నాడు. టీ పోసి చేతికిచ్చాడు. పెద్దాయన నెమ్మదిగా తాగి, ఆ ఒక్క టీకి పది రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లారు. బాబాయి వద్దనలేదు.

తేయాకు తోటలు ఆ యేడే తేరుకున్నాయి. 2021లో 134 కోట్ల కిలోల టీ వచ్చింది. బడ్డీ దగ్గర మళ్లీ మూగే జనాన్ని చూస్తే, మధ్యలో ఏదో జరిగిందని అనుకోరు. అరువు పుస్తకంలో పాత బాకీలు చాలావరకు తీరాయి. తీరనివి బాబాయే కొట్టేశాడు. పొడుగబ్బాయి పేరు మీద 87 రూపాయలు మాత్రం అలాగే వుంచాడు. ఎందుకని నేనడగలేదు.