శంకరన్ గారి దగ్గర పనిచేసినవాళ్లు

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. జాతీయ జెండాతో పాటు వాళ్లు రెండు ఫొటోలు కొండపైకి తీసుకెళ్లారు. ఒకటి అంబేడ్కర్‌ది, రెండోది ఎస్.ఆర్. శంకరన్‌ది.

మొదటి ఫొటో ఎవరిదని మన దగ్గర ఎవరూ అడగరు. రెండో ఆయన ఎవరని మా వీధిలో డిగ్రీ చదివే కుర్రాడు నన్ను అడిగాడు. ఐఏఎస్ ఆఫీసరు అన్నాను. "ఆఫీసర్ ఫొటోనా తాతా?" అని వాడు నా ముఖంలోకి చూశాడు. వాడికి ఆశ్చర్యం వేయడంలో తప్పేమీ లేదు. ఏ కలెక్టరాఫీసుకు వెళ్లినా గోడకు చెక్క బోర్డు ఒకటి ఉంటుంది. ఫలానా వారు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు. తెల్ల పెయింటుతో రాసిన ఆ పేర్లలో ఎన్నింటిని మనం పనిగట్టుకుని చదివాం? బదిలీ అయిన మర్నాడే ఆఫీసు ఆ మనిషిని మరిచిపోతుంది. అలాంటి వరసలోంచి ఒక్క మనిషి పేరు లేచి, బడిపిల్లల చేతుల్లో అంత ఎత్తుకు వెళ్లిందంటే దాని వెనక చెప్పుకోవలసిన కథ చాలా ఉంది.

నేను శంకరన్ గారి దగ్గర పనిచెయ్యలేదు. ఆయన దగ్గర పనిచేసినవాళ్ల దగ్గర పనిచేశాను. నేను సాంఘిక సంక్షేమ శాఖలో గుమాస్తాగా చేరేనాటికి ఆయన ఢిల్లీలో ఉన్నారు. అయినా ఆఫీసులో రోజుకు ఒకసారైనా ఆయన పేరు వినపడేది. మా డిప్యూటీ డైరెక్టర్ (డీడీ) గారు కుర్రతనంలో సచివాలయంలో శంకరన్ గారి కింద పనిచేసిన మనిషి. డీడీ గారు ఇప్పుడు లేరు. ఎవరైనా అర్జీ పట్టుకుని వస్తే ముందు కుర్చీ చూపించేవారు. చదవడం రాని మనిషైతే అర్జీలో ఏం రాసి ఉందో తానే పైకి చదివి, "నువ్వు చెప్పదలుచుకుంది ఇదేనా అయ్యా?" అని అడిగేవారు. ఎందుకంటే చాలా అర్జీల్లో రాయించినవాడి మాటలుంటాయి గాని అడిగేవాడి గోడు ఉండదు. ఆ తర్వాత తేదీ వేసి రసీదు ఇప్పించేవారు. "రేపు రా" అనే మాటను మా ఆఫీసులో ఆయన నిషేధించారు. రేపు రావాలంటే ఆ మనిషికి ఒక రోజు కూలీ పోతుందని, బస్సు ఛార్జీలు అదనమని మాకు లెక్క కట్టి చెప్పేవారు. ఇంత ఓపిక ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి అడిగితే, పై ఆఫీసరు అలా ఉంటే కిందవాళ్లకు వేరే రకంగా ఉండడం చేతకాదని అన్నారు. శంకరన్ గారి గురించి నేను విన్న మాటల్లో నా మనసులో నిలిచిపోయింది ఇదే.

శంకరన్ గారు 1934 అక్టోబర్ 22న పుట్టారు. తమిళుడు. మన రాష్ట్రానికి ఐఏఎస్‌గా వచ్చి, నెల్లూరు కలెక్టరుగా చేశారు. ఢిల్లీలో మోహన్ కుమారమంగళం ఉక్కు, గనుల శాఖ మంత్రిగా ఉన్నప్పుడు ఆయనకు స్పెషల్ అసిస్టెంటుగా ఉన్నారు. బొగ్గు గనులను జాతీయం చేసిన రోజులవి. 1973లో కుమారమంగళం విమాన ప్రమాదంలో పోయారు. ఆ తర్వాత శంకరన్ గారు రాష్ట్రానికి తిరిగొచ్చి సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శి అయ్యారు. అప్పట్లో పెద్ద ఆఫీసర్లెవరూ కోరుకునే కుర్చీ కాదది. పరిశ్రమలు, ఆర్థికం, రెవెన్యూ ఉండగా హాస్టళ్ల దుప్పట్లు, స్కాలర్‌షిప్పుల జాబితాలు చూసే శాఖ ఎవరికి కావాలి? ఆయన మాత్రం సర్వీసులో మంచి కాలమంతా ఆ పనికే ఇచ్చారు.

1975 అక్టోబర్‌లో కేంద్రం వెట్టిచాకిరీని రద్దు చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడు అది చట్టమైంది. ఆ చట్టం ఇప్పటికీ తీసి చదువుతుంటాను. బాకీ కింద పనిచేస్తున్న మనిషి ఇక స్వతంత్రుడు. బాకీ చెల్లించనక్కర్లేదు. అది వెట్టి బాకీ కాదని ఎవరైనా అంటే రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే. వెట్టి చేయించుకుంటే మూడేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. అమలు చేసే బాధ్యత కలెక్టరుది. రాత అంతా బాగానే ఉంది, కానీ తాత తీసుకున్న అప్పుకు మనవడు పశువుల కొట్టంలో పడుకుంటున్న ఊళ్లో ఈ సంగతి ఎవరు చెప్పాలి? దొర చెప్పడు. పటేలు, పట్వారీ చెప్పరు. గెజిట్ ఆ కొట్టం దాకా రాదు.

శంకరన్ గారు తానే వెళ్లి చెప్పడం మొదలుపెట్టారు. కార్యదర్శి హోదాలో ఉన్న మనిషి ఊళ్లకు పోయి, జీతగాళ్లను కూర్చోబెట్టి, మీ బాకీ పోయింది, మీరు వెళ్లిపోవచ్చని చెప్పారు. దీని ప్రభావం రెండు వైపులా పడింది. ఒకటి, ఆ మనుషులు నిజంగానే కదిలారు. రెండోది ఉద్యోగిగా నాకు తెలిసిన సంగతి. సెక్రటరీ అంతటివాడు పాలేరు పక్కన నేల మీద కూర్చున్నాక ఆ ఊరి తహసీల్దారు దొర ఇంట్లో భోజనం చెయ్యలేడు. ఒకవేళ చేసినా, ముద్ద గొంతు దిగదు. కింది ఉద్యోగుల్లో చాలామంది చెడ్డవాళ్లేమీ కాదు, భయస్థులు. మంచి పని చేస్తే పైనుంచి ఏం ముంచుకొస్తుందోనని వాళ్ల భయం. పై మనిషే ముందు నడిస్తే వాళ్లకు ధైర్యం వస్తుంది. సహోద్యోగుల పట్ల శంకరన్ గారి దయ అంటే నాకు అర్థమైంది ఇదే. ఆయన మెల్లగా మాట్లాడేవారని, గొంతు పెంచేవారు కాదని అందరూ చెప్పుకుంటారు. అది నిజమే గాని, మెత్తగా మాట్లాడుతూ కష్టం వచ్చినప్పుడు కిందవాడిని ముందుకు తోసి తప్పుకునే ఆఫీసర్లను కూడా నేను చూశాను. మెత్తదనం ఒక్కటే అయితే మా డీడీ గారు జీవితాంతం ఆయన పేరు తలుచుకునేవారు కాదు.

ఇదంతా పెద్దవాళ్లకు గిట్టలేదు. పేదవాళ్లను రెచ్చగొడుతున్నాడన్న ఫిర్యాదు అప్పటి ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. ఆయన నిలదీశారు. శంకరన్ గారు వాదులాటకు దిగలేదు, పద్ధతీ మార్చుకోలేదు. సెలవు పెట్టారు. అప్పుడు త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఆయనను తమ రాష్ట్రానికి ముఖ్య కార్యదర్శిగా పిలిపించుకున్నారు. ఇద్దరూ బ్రహ్మచారులు, ఇద్దరికీ అవసరాలు బహు తక్కువ. ఒక రాష్ట్రానికి పెద్ద దిక్కైన ఇద్దరూ అంత సాదాగా బతికారని విన్నప్పుడల్లా, మన ఆంధ్రదేశం చేజార్చుకున్న మనిషిని ఆ చిన్న రాష్ట్రం గుర్తుపట్టిందే అనిపిస్తుంది.

తర్వాత ఇక్కడికి తిరిగొచ్చి మళ్లీ అదే పని చేశారు. 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఆయనను, ఆయనతో ఉన్న మరికొందరు అధికారులను పట్టుకుపోయింది. గిరిజనుల పనుల మీద వెళ్లిన మనుషులు వాళ్లు. జైళ్లలో ఉన్న కొందరు నక్సలైట్లను ప్రభుత్వం విడిచిపెట్టాక బయటికొచ్చారు. ఇలాంటిది జరిగిన తర్వాత ఎవరైనా ఇక అడవి ముఖం చూడకూడదనుకుంటారు. శంకరన్ గారు పదేళ్ల తర్వాత, 1997లో, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు, న్యాయవాది కన్నబిరాన్, ఆచార్య హరగోపాల్ లాంటి వాళ్లతో కలిసి పౌరస్పందన వేదిక పెట్టి, అటు ప్రభుత్వాన్ని ఇటు నక్సలైట్లను చంపుకోవడం మానమని అడుగుతూ తిరిగారు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరగడానికి ఆ కమిటీ పడ్డ శ్రమ చాలా ఉంది. చర్చలు నిలబడలేదు. కానీ ఇద్దరు శత్రువులు ఒకే మనిషి మాటను నమ్మి ఒక గదిలో కూర్చోవడం చిన్న సంగతేమీ కాదు.

అప్పటికి ఆయన రిటైరై చాలాకాలమైంది. 1992లో కేంద్ర గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా దిగిపోయి హైదరాబాద్ పంజాగుట్టలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవారు. పెన్షన్‌లో ఎక్కువ భాగం దళిత పిల్లల చదువులకు పోయేది. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. సర్వీసులో ఉన్నంతకాలం చేసిన పని ఒక ఎత్తయితే, రిటైరయ్యాక బెజవాడ విల్సన్‌తో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్‌కు పెద్దగా నిలబడడం ఇంకొక ఎత్తు. చేత్తో మలం ఎత్తే పని 1993 చట్టంతో పోయిందని ఫైళ్లలో రాసుకున్నారు. పొడి మరుగుదొడ్లు ఎక్కడున్నాయో ఫొటోలు తీసి, పేర్లు రాసి, ఆ పని చేస్తున్న ఆడవాళ్ల సాక్ష్యాలతో సుప్రీంకోర్టుకు పోతే తప్ప అవి ఉన్నాయని ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. ఆ లెక్కలు ఎలా రాయాలో, ఆఫీసు ఏ కాగితానికి జవాబు చెప్పక తప్పదో ఒక మాజీ కార్యదర్శికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? జీవితమంతా ప్రభుత్వంలో నేర్చుకున్న విద్యను ఆయన ఆ ఆడవాళ్ల చేతిలో పెట్టారు.

2010 అక్టోబర్ 7న పోయారు. అంతకు దాదాపు ఒక సంవత్సరం కింద, 2009 అక్టోబర్ 8న, పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ పోయాడు. 2010 డిసెంబర్ 30న కన్నబిరాన్ వెళ్లిపోయారు. ఆ పదిహేను నెలలు మాబోటి వాళ్లకు ఒక దెబ్బ మానకముందే ఇంకో దెబ్బ తగిలినట్టు గడిచాయి. న్యాయం అడగడానికి వెళ్లాలంటే ఏ ఇంటి తలుపు తట్టాలో తెలిసిన రోజులవి. ఆ తలుపులు వరసగా మూతపడ్డాయి.

శంకరన్ గారు పోయిన రోజు మా ఆఫీసులో సంతాప సభ పెట్టమని పైనుంచి ఆదేశం రాకముందే అందరూ హాల్లోకి వచ్చేశారు. అటెండర్లు, వంటమనుషులు, ఇద్దరు ముగ్గురు రిటైరైన వార్డెన్లు. మాట్లాడినవాళ్లలో చాలామంది ఆయనను ఒక్కసారే చూశారు, కొందరు అసలు చూడనేలేదు. ఒక వంటామె, తాను చదువుకున్న హాస్టలు ఆ సార్ కాలంలోనే వచ్చిందని వాళ్ల నాన్న చెప్పేవాడని ఒక్క మాట అని, ఇక చెప్పలేక కూర్చుంది. మా డీడీ గారు అప్పటికే రిటైరయ్యారు. చేతికర్ర పట్టుకుని వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. మాట్లాడమంటే తల అడ్డంగా ఊపారు.

ఆయన పోయాక జరిగిన కొన్ని పనులు ఆయన చూసి ఉంటే బాగుండేది. ఎస్సీల జనాభా ఎంతో ప్రణాళిక డబ్బులోనూ అంత వాటా వాళ్లకు విడిగా పెట్టాలన్న స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ 1979 ప్రాంతంలో రూపుదిద్దుకుంది. అందులో ఆయన పాత్ర పెద్దది. అయితే అన్నేళ్లూ అది కేవలం ప్రభుత్వ ఉత్తర్వు. ఏ ప్రభుత్వమైనా పాటిస్తే పాటించినట్టు, లేకపోతే లేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రం దాన్ని ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం చేసింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. అదే ఏడు చేత్తో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. రెండిట్లోనూ ఆయన చెయ్యి ఉంది. రెండూ ఆయన పోయి మూడేళ్లు కాకముందే వచ్చాయి.

చట్టం ఉంది కదా అని ఊరుకునే పరిస్థితి మాత్రం లేదు. ఉపప్రణాళిక డబ్బు రోడ్లకు, సామాన్య పథకాలకు మళ్లించి లెక్కల్లో ఎస్సీల ఖర్చుగా చూపిస్తున్నారన్న ఫిర్యాదు చట్టం వచ్చిన నాటి నుంచీ ఉంది. మెస్ బిల్లులు ఆలస్యమైతే వార్డెన్ కిరాణా కొట్లో అరువు పెట్టి పిల్లలకు అన్నం వండించడం నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం చూశాను. కొట్టువాడు విసుక్కుంటే పప్పు పల్చబడుతుంది. ఇది బడ్జెట్ పుస్తకంలో కనపడదు.

ఏటా అక్టోబర్ 22న ఆయన ఫొటోకు దండ వేసే ఆఫీసులు చాలా ఉన్నాయి. ఆ రోజు నా కోరిక ఒకటుంది. ఉపన్యాసాలు తగ్గించి, ప్రతి జిల్లాలో ఆ ఏడాది ఉపప్రణాళిక కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ పనికి అయింది, ఏ హాస్టలుకు ఎన్ని నెలల బిల్లు బాకీ ఉందో ఆ సభలో పైకి చదవాలి. హాస్టలు పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టి చదవాలి. వాళ్లు ప్రశ్న అడిగితే అక్కడే జవాబు చెప్పాలి. ఆఫీసర్ ఫొటోనా తాతా అని అడిగిన కుర్రాడిని కూడా నేను తీసుకొస్తాను.