క్షణచిత్రం వెల

"ఆలస్యం అమృతం విషం" అన్నారు పెద్దలు. "నిదానమే ప్రధానం" అన్నదీ ఆ పెద్దలే. ఈ రెంటిలో ఏది ఎప్పుడు నిజమో నాకు నేర్పినది ఒక పాత కెమెరా.

అది ముక్కాలి స్టాండుపై నిలిపి, తలపై నల్లగుడ్డ కప్పుకొని చిత్రం తీయవలసిన పెద్ద కెమెరా. నాలుగంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవు గల ఫిల్మును ఒక్కొక్క షీటుగా అందులో అమర్చవలెను.

మా నాని ఫొటో దిగడానికి ఏనాడూ ఒప్పుకొనేవారు కారు. "తీసుకొని పోయినవారే గాని తెచ్చి చూపినవారు లేరు బేటా" అనేవారు. "ఈసారి మీ ఎదుటనే, నిమిషంలో చూపిస్తాను నానీ" అని మాట ఇచ్చాను.

నా ధైర్యమంతా ఇన్‌స్టంట్ ఫిల్ముపైననే. 1947లో ఎడ్విన్ లాండ్ అమెరికాలో ఈ విద్యను ప్రదర్శించినాడు. షీటును రెండు ఉక్కు రోలర్ల నడుమ లాగితే, దాని అంచున ఉన్న మందు సంచి చిట్లి, ముద్ద సమంగా పరచుకొంటుంది. వెలుతురు సోకని వెండి లవణాలు కరిగి, కాగితంపైకి చేరి, బొమ్మగా నిలుస్తాయి. 1961లో వచ్చిన పోలరాయిడ్ టైప్ 55 అయితే బొమ్మతో పాటు నెగటివును కూడా ఇచ్చేది. వెలుతురు సరిపోయినదో లేదో అక్కడికక్కడే తేల్చుకొనుటకు ఛాయాగ్రాహకులు దీనిని నమ్ముకొన్నారు. 2008లో పోలరాయిడ్ ఈ ఫిల్ముల తయారీని ఆపివేసినది. 2014లో కొందరు ఔత్సాహికులు ప్రజల నుండి నాలుగు లక్షల డాలర్లకు పైగా సేకరించి, న్యూ55 పేరుతో అటువంటి ఫిల్మునే తిరిగి తయారుచేసినారు. 2017 చివరకు అదీ మూతపడినది.

నాకు దొరికినవి గడువు దాటిన అయిదు షీట్లు. వాటికి పెట్టిన సొమ్ముతో మామూలు ఫిల్ము ఇరవైఅయిదు షీట్ల పెట్టె వచ్చేది.

నాని తెల్లచీర కట్టుకొని వరండాలో కూర్చున్నారు. మొదటి షీటులో మందు ఎండిపోయినది. రెండవదీ అంతే. మూడవదానిలో ముద్ద సగం వరకే పాకి, నుదురు మాత్రమే కనిపించినది. నాలుగవది మచ్చలమయం. అయిదవది కాగితానికే అతుక్కొనిపోయినది. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను బాధించినది.

చివరకు మామూలు ఫిల్ము ఒక్క షీటు తీసి, రాత్రి స్నానాలగదిలో కడిగి, తెల్లవారేసరికి ప్రింటు చేతికిచ్చాను. నాని దానిని కంటికి దగ్గరగా పట్టుకొని చాలాసేపు చూశారు.

సోదర విద్యార్థులారా, ఒక వస్తువు వెలను పెట్టెపై అచ్చయిన అంకెను బట్టి లెక్కించరాదు. అది దక్కించిన ఫలితాన్ని బట్టి లెక్కించవలెను. అయిదు షీట్ల సొమ్ముకు నాకు ఒక్క బొమ్మ దక్కలేదు. తిరిగిరాని ఘడియను, ముందుగా పరీక్షించని సాధనానికి అప్పగించుట నా తప్పు.

నాని మాత్రం నవ్వి, "దేర్ ఆయే, దురుస్త్ ఆయే" అన్నారు. ఆలస్యమైనా సవ్యంగా వచ్చినదని ఆమె భావం. ఆ చిత్రమే నేడు మా ఇంట ఆమె గుర్తు.